తెల్లపులిచింత ఎవరి కోసం

మా బాంబూఫ్లాట్‌లో నేను కడుపుతో ఉన్నానన్న సంగతి అందరికంటే ఆఖరున తెలిసింది నాకే. అప్పటికి నాకు నలభై దాటాయి.

మొదట చేపల దగ్గర బయటపడింది. జెట్టీ పక్కన గంప పెట్టుకునే మనిషి ఏళ్ళ తరబడి నాకు తోక ముక్కలే అంటగట్టేది. ఆ రోజు నేను నోరు తెరవకముందే వంజరం నడుము ముక్కలు ఆకులో చుట్టి ఇచ్చి, తలకాయ కూడా పట్టుకెళ్ళమంది. నేను జంగ్లీఘాట్‌లో ఒక జిరాక్స్ కొట్లో పనిచేస్తాను. రోజూ ఫెర్రీలో సముద్రపు పాయ దాటి, అవతలి ఒడ్డున ఛాథమ్‌లో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళాలి. మర్నాడు ఫెర్రీలో తాళ్ళు కట్టే మనిషి, నన్నెప్పుడూ కన్నెత్తి చూడనివాడు, బెంచీ మీద ఉన్న ఒక కాలేజీ కుర్రాణ్ణి లేపి "దీదీ, ఇధర్ బైఠో" అన్నాడు. కూర్చున్నాను గానీ ఒళ్ళంతా అనుమానమే. సాయంత్రం కుళాయి దగ్గర ఎవరో నా చేతిలో బకెట్ లాక్కుని మా గుమ్మం దాకా మోసుకొచ్చారు.

ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను. లావెక్కానా? ముసలిదాన్నైపోయానా? లేక ఎవరికైనా ఏమైనా అయి, నాకు చెప్పలేక ఇలా చేస్తున్నారా? మా ఆయన పవర్ హౌస్‌లో పనిచేస్తారు. గబగబా ఫోన్ చేశాను.

"బాగానే ఉన్నారు కదా?"

"ఉన్నాను. ఏం, ఉండకూడదా?" అన్నారు.

ఆ ముడి విప్పింది మా పక్కింటి వదిన. చుట్టరికమేమీ లేదు, ఊరి వరసతో వదిన. ఒకరోజు ఆవకాయ సీసా తెచ్చి గట్టు మీద పెట్టి, నేను మంచం జరుపుతుంటే కేకేసింది. బరువులెత్తకూడదంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. అందరికీ ఏమొచ్చిందో చెబితేగానీ కదలనివ్వనని గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నాను సెప్పకూడదమ్మా. మూడు నెల్లు దాటాల గదా. మీయమ్మ ఆకు కోసుకుని దిగుతుంటే సూసినాను. ఒక్కసారి కాదు."

ఆకు అంటే మాలో ఇంకేమీ చెప్పక్కర్లేదు. బయటివాళ్ళకి మాత్రం చెప్పాలి.

పులిచింత ఎక్కడైనా ఉంటుంది. నేలబారున పాకే మూడాకుల మొక్క, పసుపుపచ్చటి పూలు, నమిలితే పుల్లగా ఉంటుంది. కానీ మా మెట్ట మీద, జపాను వాళ్ళ కాలంనాటి బంకరు వెనక, ఎప్పుడూ నీరూరే రాతిగోడ అడుగున వేరే రకం ఉంది. ఆకు కాస్త పెద్దది, కాడ సన్నగా ఎర్రగా ఉంటుంది. పూలు తెల్లవి, కందిగింజంత. మబ్బు పడితే ముడుచుకుపోతాయి. ఈ దీవుల్లో మాకు తెలిసినంతవరకు ఇంకెక్కడా లేదు. రంగత్‌లో ఉన్న మా పిన్ని అక్కడి వాగులన్నీ వెతికించి లేదంది. ఒకసారి మొక్కల చదువు చదివే అమ్మాయి ఒకతె వచ్చి, గోడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఎన్నో ఫోటోలు తీసుకుంది. ఇది చాలా అరుదు, దయచేసి పీకకండి అని హిందీలో మమ్మల్ని బతిమాలి వెళ్ళింది. మేం పీకేవాళ్ళం కాదు. దానికి మాకు మా కట్టడి ఉంది.

మా తాతల కాలంలో మావాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి చేపలు పట్టుకునేందుకు ఇక్కడికి వచ్చిన కొత్తలో చింతపండు కూడా ఓడలోనే రావాలి. ఓడ ఆలస్యమైతే ఊరంతా చప్పిడి పులుసే. అలాంటి రోజుల్లో వేవిళ్ళతో అల్లాడుతున్న ఒకావిడకి ఆమె తల్లి ఆ గోడ దగ్గర ఈ ఆకు కనిపెట్టి తెచ్చిపెట్టిందట. అప్పటినుంచి ఆ మొక్క కడుపుతో ఉన్న ఆడపిల్లలది. దాన్ని కూరలో వెయ్యం, అమ్మం. కూతురికి నెల తప్పితే తల్లి పొద్దున్నే వెళ్ళి, ఎవరితోనూ మాట్లాడకుండా ఒక గుప్పెడు కోసి, కొంగులో కట్టుకుని వస్తుంది. చూసినవాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకోవాలి. మూడు నెలలు దాటేవరకు ఎవరూ ఏమీ అడగకూడదు. అడగరు గానీ, చేప ముక్క మారుతుంది, బెంచీ మీద చోటు దొరుకుతుంది, బకెట్ చేతిలోంచి మాయమవుతుంది. నోటితో చెప్పని శుభవార్త ఊళ్ళో అలా నడిచిపోతుంది.

అమ్మ నాకోసం రెండుసార్లు ఆ ఆకు కోసింది. రెండుసార్లూ నాకు నిలవలేదు. రెండోసారి ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు అమ్మ నా తల దువ్వి జడ వేసింది. ఆ తర్వాత మళ్ళీ ఆకుతో పని పడలేదు. మద్రాసులో చూపించుకోమని సలహాలిచ్చినవాళ్ళున్నారు, మొక్కులు చెప్పినవాళ్ళున్నారు. అన్నీ విన్నాం, కొన్ని చేశాం, మానేశాం. ఆ బాధ పోయిందని అనను. దాని మీద మూత పెట్టి, ఆ మూత మీద కూర్చుని బతకడం నేర్చుకున్నాను. ఇప్పుడు అమ్మ వచ్చి ఆ మూత లాగేసింది.

అదే ఊపులో మెట్ట ఎక్కి అమ్మ ఇంటికి వెళ్ళాను. అమ్మ ఒక్కతే ఉంటుంది. నాన్న పోయాక మా ఇంటికి రమ్మంటే రాలేదు. ఎండుచేప పని ఎవరు చూస్తారంటుంది. నేను వెళ్ళేసరికి పందిరి కింద కవళ్ళ చేపలు ఎండబెడుతోంది.

"ఎవరికోసం కోశావే ఆకు?" అన్నాను, చెప్పులైనా విప్పకుండా.

అమ్మ తల ఎత్తలేదు. "పులుసులోకి."

"అబద్ధం. ఆ ఆకు పులుసులో వేస్తే చెయ్యి విరగ్గొట్టేదానివి నువ్వే. ఊరంతా నాకు కడుపని అనుకుంటోంది, తెలుసా?"

"అనుకోనీయే. నీకేటి నష్టం? ఛోడో."

నాకేం నష్టమా! నేను ఆ రోజు ఎన్ని మాటలన్నానో రాయను. కోపం వస్తే నా నోరు ఆగదు, అది అమ్మ దగ్గర నుంచి వచ్చిన ఆస్తే. కానీ ఆ రోజు అమ్మ తిరిగి ఒక్క మాట అనలేదు. చేపలు తిరగేస్తూ కూర్చుంది. అదే నన్ను ఇంకా మండించింది. అమ్మ మనసులో ఏముందో నాకు అర్థమైపోయిందనుకున్నాను. ఆశ చావలేదు ఆవిడకి. ఎవరో చెప్పి ఉంటారు, కూతురి పేరు మీద ఆకు కోస్తే కడుపు పండుతుందని. ఈ వయసులో నన్ను ఊరందరి ముందు నవ్వులపాలు చేస్తోందని ఏడ్చుకుంటూ దిగాను.

రాత్రి అన్నాల దగ్గర మా ఆయనతో చెప్పాను, నవ్వుతారేమోనని. ఆయన నవ్వలేదు. ముద్ద కలపడం ఆపి నా వైపు చూసి, "నిజం కాదు కదా?" అన్నారు. ఆ అడగడంలో ఉన్న ఆశ నాకు వినిపించింది. "నిజం కాదు" అన్నాను. ఆయన మళ్ళీ అన్నం కలుపుకున్నారు.

మర్నాటి నుంచి కనిపించినవాళ్ళందరికీ చెప్పడం మొదలుపెట్టాను. నాకేమీ లేదమ్మా, పొరపాటు పడ్డారు అని. చేపలావిడ కన్ను గీటింది. వదిన "సరే సరే" అని నవ్వింది. అప్పుడు గుర్తొచ్చింది. మాలో కడుపుతో ఉన్న మనిషి మూడు నెలలూ లేదనే చెప్పాలి, దిష్టి తగలకుండా. నేను ఎంత గట్టిగా లేదంటే వాళ్ళకి అంత నమ్మకం కుదురుతోంది. నాకు కోపం వచ్చి అరిస్తే, "పిల్లాడే, ఇంత కోపం మగపిల్లాడికే వస్తాది" అని తేల్చేశారు. ఇక ఊరుకున్నాను. వంజరం నడుము ముక్కలు వండుకుని తిన్నాం. ఏం చేస్తాం?

అమ్మ దగ్గరకు మాత్రం వెళ్ళలేదు. అమ్మ కూడా రాలేదు. వానలు ముదిరాయి. ఒక ఆదివారం తెరిపి ఇచ్చినప్పుడు, ఎందుకో కాళ్ళు బంకరు వైపు నడిచాయి. ఆ గోడ దగ్గరకు నేను పెళ్ళయ్యాక వెళ్ళలేదు. తల్లులు వెళ్ళే చోటు అది.

అక్కడ చూసి నిలబడిపోయాను. వానాకాలంలో ఆ గోడ అడుగంతా ఆకుతో నిండి ఉండాలి. నేల బోసిగా ఉంది. ఎర్ర కాడలు మిగిలాయి, ఆకులు లేవు. గిల్లిన చోట గిల్లినట్టే కనిపిస్తోంది. కొన్ని ఎండిపోయాయి, కొన్ని నిన్నా మొన్నా గిల్లినవి. రాతి సందులో, చెయ్యి అందని చోట, నాలుగైదు మొక్కలు మాత్రం తెల్లపూలతో ఉన్నాయి. కడుపుతో ఉన్న పిల్ల ఎంత తింటుంది? ఒక గుప్పెడు, ఇంకో రోజు ఇంకో గుప్పెడు. మొక్కుకి కోసేవాళ్ళు ఒక్కసారి కోస్తారు. ఇది రోజూ ఎవరో తింటున్న ఆకు.

అమ్మ ఇంటికి ఎలా వెళ్ళానో తెలియదు. తలుపు దగ్గరగా వేసి ఉంది. అమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ముందు పళ్ళెంలో ఉప్పు, ఆ ఆకు. పొయ్యి మీద గిన్నెలో అన్నం కదిలించనట్టే ఉంది. ఆవిడ పైట జారి ఉంది. భుజాల దగ్గర జాకెట్టు వేలాడుతోంది. పొలుసులు గీరి గీరి గట్టిపడ్డ చేతులు, ఎప్పుడూ నిండుగా ఉండే చేతులు, ఇప్పుడు వాటి మీద కడియాలు మోచేతి దాకా జారిపోతున్నాయి. నేను కొన్ని వారాల క్రితం ఇదే మనిషితో పోట్లాడాను. పైట నిండుగా కప్పుకుని చేపల ముందు వంగి ఉంది, నాకు కనిపించలేదు.

"ఎన్నాళ్ళనుంచే?" అన్నాను.

"హోలీ ముందునుంచి. తిన్నదేదీ ఉండట్లేదే గుంటా. నీళ్ళు కూడా. ఈ ఆకొక్కటే కడుపులో నిలుస్తాంది."

"ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే ఏటి సేస్తావు? పెద్దాసుపత్రికి ఈడుస్తావు. ఆళ్ళు మెయిన్‌లాండంటారు. మీ నాన్ననీ అలాగే పంపినారు గదా."

నాన్నని పంపారు. తీసుకెళ్ళింది అమ్మే. తిరిగి ఒక్కతే వచ్చింది.

"ఊరందరికీ నాకని ఎందుకు చెప్పావు?" అని అడిగాను. ఆ పూట అది అడగాల్సిన మాట కాదు.

"నాను సెప్పలేదే. మీ పక్కింటామె ఎదురొచ్చింది. కొంగు సూసి నవ్వింది. నీకనుకుంది. కాదంటే మరెవరికని అడుగుద్ది? నాకేనని ఏ మొకంతో సెప్పాల? ఆడపిల్లల ఆకది. ఎవరి కూతురికో దక్కాల్సింది ముసలిదాన్ని తినేత్తన్నాను." అమ్మ పళ్ళెం పక్కకి నెట్టింది. మళ్ళీ తనే అంది. "ముందు అందుకే ఊరుకున్నాను. తరవాత దార్లో ఆళ్ళూ ఈళ్ళూ నన్ను సూసి నవ్వుతుంటే, నాకూ నిజమే అనిపించేసిందే. నిజం కాదని నాకు తెలీదా? తెలుసు. అయినా మెట్ట ఎక్కుతుంటే నీకోసమే ఎల్తన్నట్టుండేది. నొప్పి తెలిసేది కాదు. పేరు కూడా అనుకున్నాను."

"ఏం పేరు?"

"సెప్పను," అంది.

అమ్మని ఒళ్ళోకి లాక్కుని ఏడ్చాను. అమ్మ అంత తేలిగ్గా ఒళ్ళోకి వస్తుందని అనుకోలేదు. అమ్మ నా వీపు నిమురుతూ, "ఊరుకో, ఇలాంటప్పుడు ఏడవకూడదు" అంది. అని, తనే తడబడి ఆగిపోయింది.

పెద్దాసుపత్రిలో పొట్టలో గొట్టం వేసి చూశారు. డాక్టరు నన్నొక్కదాన్నీ పక్కకి పిలిచి గడ్డ అన్నాడు. ఇక్కడ కాదు, మెయిన్‌లాండ్ తీసుకెళ్ళండి, ఆలస్యం చెయ్యకండి అన్నాడు. నయమవుతుందా అని అడిగితే, ముందు తీసుకెళ్ళండి అన్నాడు మళ్ళీ. అమ్మ బయట బెంచీ మీద కూర్చుని ఉంది. నేను చెప్పకముందే, "మెయిన్‌లాండే గదా" అంది. వాదించలేదు. వాదిస్తే బాగుండునని అనిపించింది.

ప్రయాణం మాట ఊళ్ళో పాకింది. వాళ్ళు మళ్ళీ వాళ్ళకి తోచినట్టే అర్థం చేసుకున్నారు. వయసు మీదపడ్డ కడుపు, ఇదివరకు రెండుసార్లు పోయింది, అందుకని ముందు జాగ్రత్తగా మంచి డాక్టరు దగ్గరకు కూతుర్ని తీసుకెళ్తోంది తల్లి. నా చేతిలో ఉన్న స్కాన్ కవరు నాదే అనుకున్నారు. అమ్మ చిక్కిపోయిందంటే నామీద బెంగతో అనుకున్నారు. వదిన మా కులదేవతకి నా పేరున దీపం పెట్టిందట.

నేను మాత్రం నిశ్చయించుకున్నాను. ఇక దాపరికం చాలు. అమ్మకి జబ్బు, నాకేమీ లేదు అని తెగేసి చెప్పేస్తాను. వెళ్ళేరోజు ఫెర్రీలో సగం ఊరు ఉంటుంది, అందరి ముందూ ఒక్కసారే చెప్పేస్తే తిరిగొచ్చాక ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. నిజంగా చెప్పాలంటే అమ్మ కోసం కంటే నాకోసమే అనుకున్నాను ఆ మాట. తొమ్మిది నెలలు నిండాక పిల్ల ఏదని వీళ్ళందరూ నా మొహంలోకి చూసే రోజు నేను తట్టుకోలేను. మూడోసారి కూడా పోయిందని జాలిపడతారు. ఉన్నవి పోయినందుకు ఏడ్చాను, లేనిదాని కోసం కూడా ఊరితో పాటు ఏడవాలా?

ఆ పొద్దున మా ఆయన పెట్టెలు పట్టుకుని ముందు ఎక్కారు. వదిన సాగనంపడానికి ఛాథమ్ దాకా వస్తానని మాతో ఎక్కింది. నాకు చోటిచ్చారు. ఆ చోట్లో అమ్మని కూర్చోబెట్టాను. "సూడండి, తల్లినే కూకోబెట్టింది" అని ఎవరో మెచ్చుకున్నారు. నాకు చూపించిన ఇంకో చోట్లో అమ్మ పక్కనే కూర్చున్నాను. ఫెర్రీ కదిలింది. చెప్పాల్సిన మాటలు మనసులో పేర్చుకుంటున్నాను.

వదిన నా ముందుకు వంగింది. "మూడు దాటిపోయినట్టే గదా. ఇప్పుడడగొచ్చు. ఎన్నో నెలమ్మా?"

చుట్టూ ఆడవాళ్ళు చెవులు రిక్కించారు. నేను నోరు తెరిచాను. అప్పుడు అమ్మ నా వైపు తిరిగింది. బతిమాలుతున్నట్టు ఏమీ లేదు ఆ చూపులో. చెప్పేసెయ్, నీ ఇష్టం అన్నట్టే ఉంది. కానీ వదిన నోటి వెంట ఆ మాట విన్నప్పుడు అమ్మ మొహంలో వచ్చిన వెలుగు ఇంకా పోలేదు. ఆ వెలుగు నేను ఎన్ని ఏళ్ళ తర్వాత చూశానో.

"మూడు దాటి నాలుగోది వదినా," అన్నాను.

బెంచీల మీద నవ్వులు పాకాయి. ఎవరో నా తల నిమిరారు. అమ్మ చెయ్యి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఎముకలు గుచ్చుకుంటున్నాయి, అంత గట్టిగా పట్టుకుంది. ఆ తర్వాత వదినతో అంది:

"నాను తిరిగొచ్చినా రాపోయినా, నా గుంటని సూసుకోండమ్మా."

"ఏటా మాటలు అత్తా! పురుడు నువ్వే పొయ్యాల," అని వదిన కసిరింది.

"నానే పోత్తాను," అంది అమ్మ.

ఛాథమ్ వచ్చింది. తాళ్ళు కట్టే మనిషి "హటో హటో, దీదీ కో జానే దో" అని కేక వేశాడు. జనం రెండు వైపులా ఒత్తుకుని నాకోసం దారి ఇచ్చారు. ఆ దారిలో నేను అమ్మని పట్టుకుని, మెల్లగా, ఒక్కొక్క అడుగే వేయిస్తూ దింపాను.